సీమ కోర్టుల్లో మహిళా న్యాయవాదిగా నిలదొక్కుకోవడం ఎలా

1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహ దరఖాస్తును, 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రా దరఖాస్తును తిరస్కరించాయి. ఇద్దరికీ లా పట్టా ఉంది. ఆడవాళ్లు కావడం ఒక్కటే అడ్డొచ్చింది. అదే 1921లో అలహాబాదు హైకోర్టు కార్నీలియా సొరాబ్జీని న్యాయవాదిగా చేర్చుకుంది. 1923లో వచ్చిన చట్టం, స్త్రీ అన్న కారణంతో ఎవరినీ ఈ వృత్తికి దూరంగా ఉంచరాదని తేల్చింది. అప్పట్లో కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు మద్రాసు హైకోర్టు కింద ఉండేవి. ఆ హైకోర్టులో తొలి మహిళా న్యాయవాదిగా బి. ఆనందబాయి 1929లో నమోదయ్యారు.

ఈ చరిత్రలో మనకు అక్కరకొచ్చే భాగం సొరాబ్జీ నమోదు తరువాత జరిగినది. ఆమె 1892లోనే ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష రాశారు. ఆడవాళ్లకు ఆ విశ్వవిద్యాలయం పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది 1920లో కనుక, పట్టా చేతికి రావడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆమె మైనర్లు, స్త్రీల వంటి వారసుల ఆస్తులను చూసే బెంగాల్ ప్రభుత్వపు కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌కు సలహాదారుగా, పరదా చాటున ఉండే స్త్రీల ఆస్తుల విషయాలు చూశారు. తీరా కలకత్తాలో వకీలుగా నిలబడే హక్కు వచ్చాక కూడా ఆమెకు ఎక్కువగా దక్కినవి కాగితం మీద అభిప్రాయాలు రాసిపెట్టే పనులే. కోర్టులో లేచి వాదించే అవకాశం అరుదుగా వచ్చేది. అంటే తలుపు తెరిచినవాళ్లే లోపల కుర్చీ ఎక్కడ వేయాలో కూడా తామే నిర్ణయించారు. ఈనాడు మన జిల్లా కోర్టుల్లో మిగిలి ఉన్న వివక్ష చాలావరకు ఈ రెండో రకానిది. అందువల్ల చదువు, నమోదు గురించి ఇక్కడ క్లుప్తంగా చెప్పి, పని ఎలా దక్కించుకోవాలన్న దాని మీద ఎక్కువసేపు నిలుస్తాను.

చదువు, నమోదు

డిగ్రీ అయినవారికి మూడేళ్ల కోర్సు, ఇంటర్ అయినవారికి ఐదేళ్ల కోర్సు ఉన్నాయి. రెండింటికీ ఏపీ లాసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో సాధారణ వర్గాలవారికి 45 శాతం మార్కులు ఉండాలి. పరీక్ష 120 మార్కులకు, గంటన్నర సేపు జరుగుతుంది. సగం మార్కులు న్యాయశాస్త్ర అభిరుచికి, మిగతా సగం జనరల్ నాలెడ్జికి, వర్తమాన వ్యవహారాలకు ఉంటాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, వయోపరిమితి లేదు. పెళ్లై పిల్లలు బడికి పోతున్న దశలో చదువు మొదలుపెట్టినా చట్టం అడ్డుచెప్పదన్న సంగతిని ఇంట్లో గట్టిగా చెప్పవచ్చు. సీట్లలో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోను, కొంచెం దూరమైనా పరవాలేదనుకుంటే తిరుపతిలో శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోను న్యాయశాస్త్రం బోధిస్తారు. క్లాట్ అనే అఖిల భారత ప్రవేశపరీక్ష రాసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి వెళ్లాలనుకునేవారికి విశాఖపట్నంలో ఉన్నది కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య పేరిట నడుస్తున్నదే.

పట్టా వచ్చాక ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. న్యాయవాదుల చట్టం ప్రకారం నమోదు రుసుము 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. దీనికి స్టాంపు డ్యూటీ వేరు. ఇంతకు మించి ఏ పేరుతోనూ నమోదు సమయంలో వసూలు చేయకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా వేలల్లో అడిగితే రసీదు మీద పద్దు పేరు రాసివ్వమనండి. నమోదైన రెండేళ్లలోపు అఖిల భారత బార్ పరీక్ష పాస్ కావాలి. వ్యాఖ్యలు లేని చట్టాల పుస్తకాలను పరీక్ష గదిలోకి తీసుకెళ్లనిస్తారు కనుక, సెక్షన్లు కంఠస్థం చేయడం మీద కంటే ఏది ఎక్కడుందో వెతికే వేగం మీద శ్రద్ధ పెట్టండి. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చినందున పాత పుస్తకాలు చౌకగా దొరుకుతున్నాయని కొనవద్దు.

సీనియర్‌ను ఎంచుకోవడం

జూనియర్‌గా చేరే ఆఫీసు ఎంపికలోనే మీ వృత్తి జీవితం సగం తేలిపోతుంది. మన పట్టణాల్లో ఈ ఎంపిక సాధారణంగా నాన్నకు తెలిసినవారు, కులపెద్ద చెప్పినవారు, ఇంటికి దగ్గరున్నవారు అన్న లెక్కన జరుగుతుంది. వాటిలో తప్పు లేదు గానీ అవి చాలవు. చేరేముందు కొన్నాళ్లు కోర్టు హాళ్లలో వెనుక బెంచీల్లో కూర్చోండి. కోర్టు విచారణలు బహిరంగమే కనుక ఎవరినీ అనుమతి అడగనక్కరలేదు. ఏ సీనియర్ సాక్షుల విచారణ నిజంగా నడుపుతున్నారు, ఏ సీనియర్ రోజూ వాయిదాలే అడుగుతున్నారు, ఎవరి జూనియర్లు లేచి మాట్లాడుతున్నారు, ఎవరి జూనియర్లు కట్టలు మోసి ఊరుకుంటున్నారు అన్నవి కొద్ది రోజుల్లోనే కనబడతాయి. ముఖ్యంగా ఆ ఆఫీసులో అంతకుముందు పనిచేసిన మహిళా జూనియర్లు ఇప్పుడెక్కడున్నారో విచారించండి. వాళ్లు సొంతంగా ప్రాక్టీసు చేస్తుంటే ఆ ఆఫీసు మంచిదే. అందరూ వృత్తి మానేసి ఉంటే, కారణం వాళ్ల నోటి నుంచే వినండి.

చేరేటప్పుడు అడగవలసినవి మొహమాటం లేకుండా అడగాలి. ప్రతి కొత్త కేసులో వకాలతు మీద, అంటే కక్షిదారు తన తరఫున వాదించమని రాసిచ్చే అధికారపత్రం మీద, మీ పేరు కూడా ఉంటుందా? ఎన్నాళ్లకు ఎదుటి పక్షపు సాక్షిని క్రాస్ చేయనిస్తారు, అంటే నిలదీసి ప్రశ్నించనిస్తారు? నెలకు ఎంత ఇస్తారు? జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, నిర్బంధం కాదు. మన జిల్లాల్లో అంత ఇచ్చే ఆఫీసులు తక్కువ. అయినా ఆ అంకె మీకు తెలుసన్న సంగతి ఎదుటివారికి తెలియడం మంచిది. ఇదే సంభాషణలో మగ జూనియర్లకు ఇచ్చేది ఎంతో కూడా అడగవచ్చు. "ఆడపిల్లకు ఇంటి ఖర్చు ఏముంటుందమ్మా" అన్న జవాబు వస్తే, వేరే ఆఫీసు చూసుకోవడమే మేలని నా అభిప్రాయం.

వకాలతు మీద పేరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సాక్షి వాంగ్మూలంలో క్రాస్ చేసిన న్యాయవాది పేరు, తీర్పు మొదట్లో ఇరుపక్షాల న్యాయవాదుల పేర్లు నమోదవుతాయి. జిల్లా జడ్జి పదవికి 7 ఏళ్లు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ పదవికి 7 ఏళ్లు ప్రాక్టీసు ఉండాలి. అప్పుడు మీరు నిజంగా పనిచేశారని చూపించేవి ఈ కాగితాలే. నోటరీగా నియమించడానికి సాధారణంగా 10 ఏళ్ల ప్రాక్టీసు అడుగుతారు, మహిళలకు 7 ఏళ్లు చాలు. పదేళ్లు ఇంకొకరి పేరు మీద దరఖాస్తులు రాసిన జూనియర్ దగ్గర ఏ రికార్డూ ఉండదు. వకాలతు మీద పేరు వేయడానికి సీనియర్‌కు ఖర్చేమీ లేదు కాబట్టి, దానికి కూడా వెనకాడేవారు మిమ్మల్ని ఎలా చూస్తున్నారో అర్థమవుతుంది.

ఏ కేసులు చేయాలి

ఆడ లాయరు అంటే విడాకులు, మనోవర్తి, గృహహింస కేసులే అన్న అభిప్రాయం కక్షిదారుల్లోనూ, సీనియర్లలోనూ, చివరకు కొందరు మహిళా న్యాయవాదుల్లోనూ పాతుకుపోయి ఉంది. కుటుంబ కేసులను చిన్నచూపు చూడమని చెప్పను. దేశంలో కుటుంబ న్యాయస్థానాల ఆలోచనను ముందుకు తెచ్చినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1953లో చైనా పర్యటన నుంచి వచ్చాక ఆమె దాన్ని ప్రతిపాదించారు, చట్టం 1984లో వచ్చింది. బాల్యంలోనే పెళ్లయి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, ఆ తరువాత చదువు అందుకుని 1942లో లా పట్టా పొందిన దుర్గాబాయి మద్రాసులో క్రిమినల్ కేసులు కూడా వాదించారు. లండన్ బార్ పరీక్షలో 1958లో మొదటి స్థానంలో నిలిచిన లీలా సేథ్ ఆదాయపన్ను, సేల్స్ టాక్స్, కంపెనీ కేసులు చేపట్టి, 1991లో దేశంలోనే ఒక హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కుటుంబ కేసులు చేయండి, అవొక్కటే చేయవద్దు.

సీమలో సివిల్ పని నేర్చుకోవడానికి మూడు రకాల దావాలు చాలు. మొదటిది ప్రోనోటు దావా. ఇది చిన్నది, రుజువు చేయవలసినవి తక్కువ, మూడేళ్ల కాలపరిమితి లెక్క చూసుకోవడం అలవాటవుతుంది. సంతకం నాది కాదన్న వాదన వచ్చినప్పుడు సాక్షిని ఎలా నిలదీయాలో ఇక్కడే నేర్చుకోవచ్చు. రెండోది పొలం మీద ఇంజంక్షన్ దావా, అంటే ఎదుటివారు పొలంలో జోక్యం చేసుకోకుండా కోర్టు ఉత్తర్వు కోరేది. దీనికి అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డులు, ఎఫ్ఎంబీ అనే సర్వే పటం, దస్తావేజులోని చెక్కుబందీ (హద్దుల వివరం) చదవడం రావాలి. కాగితాలు చూసి ఊరుకోకుండా, వీలైతే ఆ పొలానికి వెళ్లి గట్టు, వంక, రస్తా ఎక్కడున్నాయో చూసి రండి. ఆదోని వైపు పొలానికి ఆడమనిషి ఒంటరిగా ఎట్లా పోతుందని ఎవరైనా అంటే గుమాస్తాను వెంటబెట్టుకుని పొండి గానీ, పోవడం మాత్రం మానవద్దు. పొలం చూసిన న్యాయవాది వేసే క్రాస్ ప్రశ్న వేరుగా ఉంటుంది, జడ్జికి కూడా ఆ తేడా తెలుస్తుంది.

మూడోది ఉమ్మడి ఆస్తిలో వాటా పంచమని అడిగే భాగపరిష్కార దావా, మహిళా న్యాయవాదికి అసలైన బలం ఇందులోనే ఉందని నా నమ్మకం. 1985 సెప్టెంబరు 5 నుంచి హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ అమల్లోకి వచ్చి, ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లైన కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మన ఊళ్లలో అన్నదమ్ములు పసుపు కుంకుమలు ఇచ్చాం కదా, ఇంకేమిటంటారు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి రిజిస్ట్రేషన్ ఉండదు. ఎప్పుడో ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఉంటారు. కూతురు ఆ సంగతులన్నీ మగ వకీలు ముందు నోరు విప్పి చెప్పలేకపోవచ్చు, మీ ముందు చెబుతుంది. పెళ్లి తేదీ, తండ్రి మరణించిన తేదీ, కేంద్ర సవరణ ముట్టుకోని, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం ఏదైనా ఉందా అన్న మూడు విషయాలు మొదటి రోజే రాసుకోండి. దావా తలరాత చాలాసార్లు వాటి మీదే ఆధారపడుతుంది.

ఇక సెషన్స్ కేసుల సంగతి. హత్య కేసుల్లో, ముఖ్యంగా ముఠా కక్షలతో ముడిపడినవాటిలో, ఆడవాళ్లను పక్కన పెట్టడం ఈ జిల్లాల్లో పాత అలవాటు. భద్రత గురించిన భయం పూర్తిగా నిరాధారమని అనను. అందులోకి ప్రవేశించడానికి సురక్షితమైన దారి ఉచిత న్యాయసహాయం అందించే న్యాయసేవల సంస్థ. జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో ప్యానెల్ న్యాయవాదులను, ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించడానికి 2022 నుంచి వచ్చిన డిఫెన్స్ కౌన్సిల్ విధానంలో సహాయకులను నియమిస్తున్నారు. సహాయకుల స్థాయి కొత్తవారికి ఉద్దేశించినదే, నెలకు నిర్ణీత పారితోషికం ఉంటుంది. ముద్దాయి వకీలును ఎంచుకోడు, సంస్థే మిమ్మల్ని పంపుతుంది కనుక, ఆడ లాయరు వద్దనే మాట అక్కడ చెల్లదు. పోస్టుమార్టం నివేదిక చదవడం, పంచనామా సాక్షులను క్రాస్ చేయడం అక్కడ వచ్చేస్తాయి.

వివక్ష ఎదురైనప్పుడు

రోజువారీ చిన్నచూపుకు ఎక్కువ మాటలు ఖర్చుపెట్టవద్దు. "సార్ రాలేదామ్మా?" అని కక్షిదారు అడిగితే, ఈ కేసు నేనే చూస్తున్నానని చెప్పి వెంటనే ఫైలులోని విషయం ఎత్తుకోండి. దావా నంబరు, పోయిన వాయిదాకు ఏం జరిగింది, వచ్చే వాయిదాకు ఏం కావాలి అన్నవి కాగితం చూడకుండా చెప్పగలిగితే ఆ ప్రశ్న మళ్లీ రాదు. దుస్తుల గురించి ఎవరైనా వ్యాఖ్యానిస్తే, చీర అయితే లేతరంగుదో, తెలుపో, నలుపో, సల్వార్ కుర్తా అయితే తెలుపో, నలుపో వేసుకోవచ్చని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. ఎండాకాలంలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మిగతా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. కడప ఎండల్లో ఆ నియమాన్ని వాడుకోవడానికి సంకోచించనక్కరలేదు.

వసతుల విషయంలో మాత్రం మౌనంగా ఉండవద్దు. తాలూకా కేంద్రాల్లోని చాలా పాత కోర్టు భవనాల్లో ఆడవాళ్లకు వాడదగిన మరుగుదొడ్డి లేక, పొద్దున నుంచి నీళ్లు తాగకుండా ఉండే న్యాయవాదులున్నారు. దేశంలోని అన్ని కోర్టు ప్రాంగణాల్లో మహిళలకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 2025 జనవరి 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పును ఉటంకిస్తూ జిల్లా ప్రధాన న్యాయమూర్తికి అర్జీ రాసి, మీ కోర్టులోని మహిళా న్యాయవాదులందరి చేతా సంతకాలు పెట్టించండి. ఒక్కరు అడిగితే అది గొణుగుడుగా వినబడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదని చేర్చుకోవడానికి వెనకాడినప్పుడు, అదే ఇబ్బంది ఉన్న అమ్మాయిలు తనకు రాయండని దుర్గాబాయి పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవారితో కలిసి హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు.

లైంగిక వేధింపు జరిగితే గడువు ముఖ్యం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే ఫిర్యాదును విచారించే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. పదిమందికి తక్కువ పనిచేసే చోట్లకు, లేదా యజమాని మీదనే ఫిర్యాదు ఉన్నప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. కలెక్టరేట్‌లో గానీ మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ దాని వివరాలు అడగండి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. సీనియర్, జూనియర్ల మధ్య ఉన్నది యజమాని, ఉద్యోగి సంబంధం కాదని ఎదుటివారు వాదించే అవకాశం ఉంది. ఆ చట్టంలో శిక్షణలో ఉన్నవారిని కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చారు కనుక, నెలనెలా డబ్బు ఇచ్చిన ఆధారాలు, పని అప్పగించిన వాట్సాప్ సందేశాలు భద్రపరచుకోండి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై విశాఖ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను బార్ అసోసియేషన్లు కూడా పాటించేలా చూడాలని 2012లో మేధా కొత్వాల్ లేలే కేసులో సుప్రీంకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. ఇది కాక న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఫిర్యాదు చేయవచ్చు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపుకు, 78 కింద వెంటపడటానికి, 79 కింద అవమానకరమైన మాటలకు, సైగలకు పోలీసు కేసు పెట్టవచ్చు. వీటిలో ఒకటి ఎంచుకుంటే మిగతావి మూసుకుపోవు. రాజీ చేసుకొమ్మని పెద్దమనుషులు వచ్చే ముందే ఫిర్యాదు కాగితం మీద రశీదు ముద్ర వేయించుకోండి.

బార్ అసోసియేషన్ ఎన్నికల్లో నిలబడటం కూడా ఈ పోరాటంలో భాగమే. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడో వంతు స్థానాలు మహిళలకు ఉండాలని 2024 మేలో కోర్టు ఆదేశించింది. మీ ఊరి సంఘపు నిబంధనావళిని అదే పద్ధతిలో మార్చమని సర్వసభ్య సమావేశానికి ముందే రాసి ఇవ్వవచ్చు.

ప్రసవ సెలవు గురించి ఆశ పెట్టుకోవద్దు. స్వతంత్రంగా పనిచేసే న్యాయవాదికి ప్రసూతి ప్రయోజన చట్టం వర్తించదు. ఐదో నెలలోనే మీ కేసుల పట్టిక తయారుచేసి, నమ్మకమైన సహ న్యాయవాది పేరు వకాలతులో చేర్పించి, సాక్షుల విచారణ దశలో ఉన్నవాటిని ముందుకో వెనక్కో జరిపించుకోవాలి. ఫీజులో ఆమెకు ఎంత వాటా, తిరిగి వచ్చాక కేసు ఎవరిది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. స్నేహంలో ఇవన్నీ ఎందుకనుకుని రాయనివాళ్ల కక్షిదారులు తిరిగి రాలేదు.

జడ్జి పదవి వైపు

1978లో జస్టిస్ కె. అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆమె అప్పటి గుంటూరు జిల్లా అప్పికట్ల నుంచి వచ్చినవారు. సీమ నుంచి హైకోర్టు పని చేయాలంటే ఇప్పటికీ అమరావతికి ప్రయాణం తప్పదు, కర్నూలులో బెంచి కోరుతూ 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసినా సరే. రాత్రి ప్రయాణాలకు ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలకు ఈ దూరమే ఒక వివక్ష. అలాంటివారు ఈ-ఫైలింగ్, వీడియో విచారణలు బాగా నేర్చుకుంటే అప్పీళ్లు చేతి నుంచి జారిపోవు.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయదలచినవారికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. ఆ మూడేళ్లు, బార్ పరీక్ష పాస్ కాకముందు జరిగే తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్కకు వస్తాయి. పదేళ్లకు తక్కువ కాని అనుభవమున్న న్యాయవాది ఇచ్చి, జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించిన పత్రం కావాలి. నమోదైన మొదటి వారం నుంచే ఒక డైరీ పెట్టి, తేదీ, కోర్టు, కేసు నంబరు, ఆ రోజు మీరు స్వయంగా చేసిన పని రాసుకుంటూ, నెలకొకసారి సీనియర్ చేత సంతకం పెట్టించుకోండి. వకాలతుల నకళ్లు, మీ పేరున్న తీర్పుల నకళ్లు ఆ డైరీతో పాటే ఒక ఫైలులో ఉంచండి. ఆఫీసు మారినా ఆ ఫైలు మీ ఇంట్లోనే ఉండాలి.